తలుపు పక్క పొర

లోపలే ఇల్లులా కాపురముండే మోటర్‌హోమ్ బండికి అతికించిన పాత ప్లాస్టిక్ పొర ఊడి రానంటే రానని మొండికేసింది.

ఎండకు పసుపెక్కి, పెళుసుబారి, పట్టుకున్న చోటల్లా గోరంత ముక్కగా తెగుతోంది. మేస్త్రీ దానికి వేడిగాలి పట్టిస్తూ, ప్లాస్టిక్ చెక్కతో గీకుతూ, అతికించినవాణ్ణి పొద్దుటి నుంచీ తిడుతూనే ఉన్నాడు. బండిని కొత్తగా కొన్నాయన సాయంత్రం వస్తాడు. ఆలోగా అది తళతళలాడాలి.

తలుపు పక్కకు వచ్చేసరికి అతనికి ఒళ్లు మండింది. పొర కింద బంకలో ఎక్కడ చూసినా వేళ్ల ముద్రలే. అతికించేటప్పుడు బంకకు వేలు తగిలితే ఆ ముద్ర ఇక పోదు.

“ఎవడో చేతకానివాడు అతికించాడు. వాడి చేతులు విరగ్గొట్టాలి.”

షెడ్డు గేటు దగ్గర నిలబడ్డ ఒక పెద్దాయన లోపలికి వచ్చాడు. ఎంతసేపటి నుంచి అక్కడున్నాడో ఏమో.

“నేనేనండీ అతికించింది.”

మేస్త్రీకి నవ్వాగలేదు. ఈ బండి ఒకప్పుడు తనదేనని, తర్వాత అమ్మేశానని పెద్దాయన చెప్పాడు. ఇంతకీ చేత్తో అతికించారా, కాలితోనా అని మేస్త్రీ ఎగతాళి చేశాడు. ఆయన దానికీ తలూపాడు. తలుపు పక్క పొర మాత్రం చిరగకుండా తీసి తనకిమ్మని అడిగాడు. కావాలంటే తనే కూర్చుని తీసుకుంటానన్నాడు.

“చెత్తేగా, ఇస్తాలెండి. టీ తాగి రండి.”

చిరగకుండా తీయాలంటే ఓపిగ్గా వేడి చేస్తూ పూటంతా కూర్చోవాలి. అంత తీరిక ఎవరికుంది? ఆయన అటు వెళ్లగానే మేస్త్రీ బరబరా గీకేశాడు. మిగిలిన బంక మీద దాన్ని కరిగించే మందు పోసి గుడ్డతో తుడిచేశాడు.

పెద్దాయన ఒక వెడల్పాటి అట్ట చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు. పొర మడత పడకుండా తీసుకెళ్లడానికట.

“చూడండి, ఇప్పుడు మీ చేతిపని ఆనవాలు కూడా లేదు,” అన్నాడు మేస్త్రీ గర్వంగా.

ఆయన నున్నటి రంగు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. బకెట్లో ఉండలు కట్టిన ముక్కల్ని వంగి చూశాడు. అట్ట అక్కడే వదిలేసి, వస్తానండీ అని చెప్పి వెళ్లిపోయాడు.

భోజనానికి వెళ్లిన షెడ్డు యజమాని రాగానే మేస్త్రీ ఈ సంగతంతా నవ్వుతూ చెప్పాడు. యజమాని నవ్వలేదు. బకెట్లో చెయ్యి పెట్టి ముక్క తర్వాత ముక్క తీసి వెలుగుకి పట్టి చూశాడు. ఒక్కదాని మీదా ముద్రన్నది మిగల్లేదు.

“ఆ పొర జాగ్రత్తగా తీసివ్వమని పొద్దున్నే ఫోన్ చేశాడ్రా ఆయన. నీకు చెప్పడం మర్చిపోయాను.”

మేస్త్రీ ఇంకా నవ్వు ఆపలేదు. తన చెత్తపనిని దాచుకునేవాణ్ణి ఇక్కడే చూశానన్నాడు.

“ఆయన దాన్ని ముట్టుకోనైనా లేదురా. సరదాపడి అతికించింది ఆయన కూతురు. పోయిన పిల్లను నీ చేత తిట్టించలేక, ఆ తిట్లు తన మీద వేసుకున్నాడు.”