నాలుగు మూతలు

"గ్యాస్ ఎక్కట్లేదు, గ్యాస్ ఎక్కట్లేదు! పొద్దుట్నుంచీ ఇదేనా పాట?" పెద్దాయన చేతికర్రతో షెడ్డులోని బల్ల మీద ఫెడీమని కొట్టాడు.

మెకానిక్‌కి ఒళ్ళు మండింది. కానీ ఏమనగలడు? కారు ఆయనది. ఇరవై ఏళ్ళు దాన్ని టాక్సీగా తిప్పి సంసారం ఈదాడు. ఇప్పుడు చూపు మందగించింది. పోయిన నెల కారుని ఫుట్‌పాత్ ఎక్కించి ఎవరివో పూలకుండీలు పగలగొట్టాడు. ఆ రోజే కూతురు పట్టుబట్టి అమ్మకానికి పెట్టింది. కొనేవాడు ఒకటే మాట అన్నాడు. ఏసీ పెట్టించి ఇస్తే ఇవాళ అయిదింటికి తీసుకెళ్తాడు. లేదంటే ఇంకో కారు చూసి పెట్టుకున్నాడు.

అప్పటికే నాలుగున్నర.

కొత్త ఏసీ బిగించడం మధ్యాహ్నానికే అయిపోయింది. లోపలి గాలంతా లాగి చూస్తే ఎక్కడా లీకు లేదు. తీరా గ్యాస్ డబ్బా తగిలిస్తే మీటరు ముల్లు కాస్త లేచి, అలిగిన అల్లుడిలా అక్కడే కూర్చుంది. గ్యాస్ దిగుతుంటే డబ్బా చల్లబడాలి. చల్లబడలేదు. డబ్బా మార్చాడు. గ్యాస్ పైపు మార్చాడు. కంప్రెసర్‌కి నేరుగా కరెంటిచ్చి తిప్పాడు. ఊహూఁ.

"ఈ డబ్బాలే నాసిరకంవి అనుకుంటా..."

"ఆడలేక మద్దెల ఓడందట! ఇన్నేళ్ళూ ఇక్కడ గాడిదలు కాశావా?"

"నాన్నా, ఊరుకో. ఆయన తంటాలు ఆయన పడుతున్నాడుగా," అంది కూతురు.

"నువ్వాగమ్మా! పొద్దున మీరంతా టీకి పోతే, ఈ మోకాళ్ళ నొప్పులతో కాపలా కూర్చున్నదెవరు? బిగించని పైపులు నోళ్ళు తెరుచుకుని ఉంటే ఈగని కూడా వాలనివ్వలేదు. ఎందుకు? ఈ అమ్మకం ఇవాళ్టితో అయిపోవాలని కాదూ?"

మెకానిక్ పళ్ళు నూరుకుంటూ పానా అందుకున్నాడు. బిగించినవన్నీ ఒక్కొక్కటే విప్పాడు. మూడో పైపు విప్పేసరికి అతని చెయ్యి ఆగిపోయింది.

లోపల నల్లటి ప్లాస్టిక్ మూత.

కొత్త సామాను నోళ్ళకి దుమ్ము పడకుండా అలాంటి మూతలు నాలుగు పెట్టి పంపిస్తారు. తీసిన ప్రతి మూతనీ టీ గ్లాసులో వేసి, నాలుగూ లెక్క చూసుకున్నాకే పైపులు తగిలించడం అతని అలవాటు. పొద్దున కూడా టీకి వెళ్ళేముందు లెక్క చూసినట్టే గుర్తు. పరుగున వెళ్ళి గ్లాసు వంచి చూశాడు.

మూడే ఉన్నాయి.

మళ్ళీ బిగించి, గాలి లాగి, గ్యాస్ ఎక్కించాలంటే గంటన్నర పడుతుంది. అయిదింటికి వచ్చిన మనిషి అయిదు నిమిషాలు కూడా ఆగలేదు. "సారీ అండీ, ఆ రెండో కారే తీసుకుంటా," అని వెళ్ళిపోయాడు.

అప్పుడు చూడాలి పెద్దాయన వీరంగం! బల్లని బాదాడు, రేకు తలుపుని బాదాడు, ఖాళీ డబ్బాని వీధిలోకి తన్నాడు. కారు జోలికి మాత్రం పోలేదు. "మూత తియ్యడం చేతకానివాడికి పానా ఎందుకయ్యా? బంగారంలాంటి బేరం తగలేశావు కదా!"

కూతురికి కోపంతో ఏడుపొచ్చింది. "నెల రోజులు కాళ్ళరిగేలా తిరిగితే దొరికాడండీ ఆయన! రేపు మా నాన్న ఎవర్నైనా గుద్దేస్తే ఎవరిది పూచీ?" అని మెకానిక్ మీద విరుచుకుపడి, ఆ మనిషిని బతిమాలదామని ఫోను పట్టుకుని బయటికి పరిగెత్తింది.

"తప్పు నాదేనండీ. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ ఇలా జరగలేదు," అన్నాడు మెకానిక్. దొరికిన మూతని గ్లాసులో పడేసి, తల వంచుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

షెడ్డులో ఎవరూ లేరని చూసుకుని, పెద్దాయన పొద్దున తీసినట్టే చప్పుడు కాకుండా గ్లాసులోంచి ఒక మూత తీసి జేబులో వేసుకున్నాడు.