గంగాళం కడిగిన నీళ్లు

గంగాళం కడుగుదామని ఇన్‌సుక్ కుళాయి తిప్పబోతే ఎవరో చెయ్యి పట్టుకున్నారు.

"ఆగమ్మాయ్. నీ హోటల్ ప్రాణాన్ని కాలవలో పోసుకుంటావా?"

ఊదా రంగు స్వెటర్ వేసుకున్న ముసలామె. పొద్దున్నుంచీ అందరితోపాటు కూర్చుని క్యాబేజీ ఆకులకు కారం ముద్ద పట్టిస్తూనే ఉంది.

ఆమె పక్కింటి కప్సున్ చుట్టమని ఇన్‌సుక్ అనుకుంది. ఇన్‌సుక్ చుట్టమని కప్సున్ అనుకుంది. ఏడాదికి సరిపడా క్యాబేజీ ఊరగాయ, అదే కిమ్చీ, పెట్టే రోజున పనిలోకి దిగినవాళ్లను మీరెవరి తాలూకని అడిగేదెవరు?

"ఈ గంగాళంలో ఏముందవ్వా, అడుగున కాస్త కారం తప్ప?"

"ఎండు చేప తలకాయలూ ముల్లంగీ వేసి నీళ్లు కాచి, చిటికెడు ఉప్పేసి చల్లార్చు. ఆ నీళ్లతో గంగాళం కడిగి జాడీల్లో పొయ్యి. నూడుల్స్ అమ్మేదానివి, ఇంత పొడిపొడిగా పెట్టుకుంటే ఊట ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఇన్‌సుక్‌కు తల కొట్టేసినట్లయింది.

అత్తగారు పోయిన రెండేళ్లుగా ఆమెకు కిమ్చీ ఊట కుదరడం లేదు. ఊట లేకపోతే అందులో వేసిచ్చే చల్లటి నూడుల్స్ లేవు, అవి లేకపోతే హోటల్ లేదు. ఈ ఏడాదీ ఇంతే అయితే తలుపులు మూసేద్దామని మొగుడికి తేల్చి చెప్పేసింది కూడా.

"అయినా కనుమ అవతల ఆ వంతెన హోటల్ ముసల్ది ఉండగా మా అక్కకి గిరాకీ ఎక్కడిదిలే," అంది కప్సున్. "ఉన్న జనాన్నంతా ఊడ్చుకుపోతోంది."

"రాక్షసి," అంది ఇన్‌సుక్. "డెబ్బై దాటినా గరిటె వదలదు."

"ఎప్పుడైనా చూశారా ఆవిణ్ణి?" ముసలామె అడిగింది.

"దాని మొహం చూడ్డం కూడానా? ఆ గడప తొక్కితే ఒట్టు."

ముసలామె పొట్ట పట్టుకుని నవ్వింది. "మంచి పని చేశారు. నోటి దురుసు కూడా ఎక్కువేనట."

చేప నీళ్లు చల్లారేలోగా ఆమె వంటింట్లో జొరబడింది.

"నిరుటి ఊట ఉందా?"

"పారబోద్దామని పక్కన పెట్టా. పులిసి చచ్చింది."

"ఇలా తే."

అందులో సగానికి సగం చేప నీళ్లు కలిపింది, ఒక బేరిపండు రసం పిండింది. ఇన్‌సుక్ చేత మూడుసార్లు కలిపించి, మూడుసార్లు రుచి చూపించి, అప్పుడు గానీ నూడుల్స్ మీద పోయనివ్వలేదు. మిగిలిన ఊటను పిండిలో కలిపి ఎర్రగా అట్లు పోసింది. ఉడికిన పంది మాంసం, కొత్త కిమ్చీ సరేసరి.

పన్నెండు మంది ఆడవాళ్లు ఒక్కసారిగా నోళ్లు మూసుకోవడం ఆ ఊళ్లో అదే మొదటిసారి. జుర్రుకునే చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు.

కప్సున్ గిన్నె ఎత్తి అడుగంటా తాగింది. "ఆ వంతెన ముసల్ది దీని ముందు దిగదుడుపే."

"పోన్లే పాపం, దాని తంటాలు అది పడుతుంది," అంది ముసలామె. ఆమె మొహం వెలిగిపోతోంది.

గంగాళం కడిగిన నీళ్లు జాడీల్లో పోయించి, నాలుగు గంటల బస్సుకు ఆమె లేచింది. ఇన్‌సుక్ ఒక డబ్బా కిమ్చీ బలవంతాన సంచిలో కుక్కింది.

"మళ్లీ ఎప్పుడొస్తావవ్వా?"

"ఇంకెందుకు? నీకు వచ్చేసిందిగా."

బస్సు మలుపు తిరిగాక ఇన్‌సుక్ అంది, "మీ చుట్టం బంగారమే కప్సున్."

"మా చుట్టమా? మీ చుట్టం కాదూ?"

ఇద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు.

నెల తర్వాత ఇన్‌సుక్ మొదటి జాడీ తెరిచింది. ఊట నాలుక మీద చురుక్కుమంది. అచ్చం అత్తగారి నాటి రుచే. ఆనందంతో ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

మధ్యాహ్నానికి జనం గేటు దాకా నిలబడ్డారు. అందరూ కనుమ అవతలివాళ్లే. గిన్నెలు చాలక కప్సున్ తన ఇంటి గిన్నెలు మోసుకొచ్చింది.

"మీరంతా ఇటు తిరిగారేంటి? వంతెన హోటల్ ఏమైంది?" ఇన్‌సుక్ బస్సు డ్రైవర్‌ను అడిగింది.

"మీకు తెలీదా? మీరు కిమ్చీ పెట్టుకున్న మర్నాడే మూసేసి, కూతురి ఊరెళ్లిపోయింది. తలుపు మీద కాగితం అంటించి మరీ."

"ఏమని?"

అతను నోట్లో నూడుల్స్ మింగి, కంఠతా వచ్చినట్లు చెప్పాడు: "ముప్పై ఏళ్లు నా చేతి ముద్ద తిన్నారు, ఒక్క నెల ఆగి, ఊట ఊరాక కనుమ దాటి ఇన్‌సుక్ దగ్గరికి వెళ్లండి, అక్కడి ఊట నేనే దగ్గరుండి కలిపించి వచ్చాను."