ఆదివారం సాంచెలు

"ఇగో, జెల్ది సాంచెలు షురూ చెయ్యి. అత్తమ్మ గొంతు సవరించుకుంటున్నది," అంది శైలజ.

కరుణాకర్ గబగబా సాంచెల స్విచ్‌లు వేశాడు. మరమగ్గాలు దడదడలాడాయి. సిరిసిల్లలోని ఆ గల్లీలో ఆదివారం పూట ప్రార్థన చేసుకోవాలంటే ఆ చప్పుడు ఉండాల్సిందే.

ఇంట్లో ప్రార్థనలు పెట్టి జనాన్ని మతం మారుస్తున్నారని ఎవరో ఠాణాలో ఫిర్యాదు చేశారు. ఎస్సై పిలిచి, మళ్లీ ఫిర్యాదొస్తే కేసేనని చెప్పి పంపాడు. కులసంఘం ఇంకో మెట్టెక్కింది. ఇంకొక్కసారి ఆ ఇంట్లోంచి యేసు పాట వినపడితే వెలి. నూలు రాదు, పని రాదు, ఇంట్లో ఎవరు పోయినా మోయడానికి నలుగురు రారు.

ఆ మీటింగులో అందరికంటే గట్టిగా అరిచింది పక్కింటి పరశురాములు. బతుకంతా సాంచెల మధ్యే గడిపి చెవులు పోగొట్టుకున్న ఒంటరి మనిషి. మామూలుగా మాట్లాడినా పోట్లాడినట్టే ఉంటుంది. మర్నాడు గుమ్మంలోకొచ్చి మరీ బెదిరించాడు.

"ఐతారం సాంచెలు బంద్ పెడ్తే మంచిగుండది. నేను నడుపుత, మీరు గూడ నడుపుండ్రి!"

విశ్రాంతి దినాన్ని కూడా లాక్కున్నాడని శైలజ కుళ్లి కుళ్లి ఏడ్చింది. కరుణాకర్ మాత్రం ఆ చప్పుడునే వాడుకుందామన్నాడు.

"గంత మోతల పాడితె ఎవనికి ఇనవడ్తది?"

నిజమే, ఎవరికీ వినపడలేదు. అయినా శైలజకు భయం పోలేదు. మధ్యలో ఉన్నది ఒక్క గోడ. పరశురాములుకు చెవుడైతే మాత్రం, ఆ ఇంటికి వచ్చీపోయేవాళ్లకు చెవులున్నాయి కదా!

అత్త అంజవ్వతో ఇంకో గండం. ఆమెదీ అదే సాంచెల చెవుడు. పాట అందుకుందంటే కళ్లు మూసుకుంటుంది, ఇక లోకంతో పనిలేదు.

"మెల్లగ పాడు అత్తమ్మా," అని చెవిలో అరిస్తే, "మెల్లగ పాడితె దేవునికెట్ల ఇనవడ్తది?" అంటుంది.

ఆ రోజు పాట మంచి ఊపులో ఉండగా కరెంటు పోయింది.

గల్లీలో సాంచెలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. కరుణాకర్ చటుక్కున నోరు మూసుకున్నాడు. అంజవ్వ మాత్రం గొంతెత్తి పాడుతూనే ఉంది.

శైలజకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క అంగలో వెళ్లి అత్త నోటిని రెండు చేతులతో మూసేసింది. ముసలామె కళ్లు తెరిచి బిత్తరపోయింది. కరుణాకర్ తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

బయట చెప్పుల చప్పుడు ఆగింది.

"గా పాట యాడికెళ్లి అస్తున్నదిరా?" ఎవరో అడుగుతున్నారు.

శైలజ అరచేతుల కింద అంజవ్వ నోరు మూసుకునే ఉంది, కానీ యేసు పాట ఆగలేదు, గోడ అవతల పరశురాములు గొంతెత్తి పాడుతున్నాడు.