పిరికివాడి వేషం

"ఛీ! మోకాళ్ల మీద పడటం కూడా రాదు వీడికి!"

పాండెలిస్ రంగస్థలం మీదే ఉమ్మాడు. ఎదురుగా లాంబ్రోస్ దులుపుకుంటూ లేచాడు.

వోలోస్ రేవు పక్కనున్న నాటకశాలలో పాత విషాద నాటకం రిహార్సల్ జరుగుతోంది. రాజు మీద తిరగబడ్డ యువరాజు ఎక్కడో దాక్కున్నాడు. అతనికి ఇద్దరు స్నేహితులు. ఒకడు తల తెగినా ఆచూకీ చెప్పడు. రెండోవాడు రాజు కాళ్ల మీద పడి కక్కేస్తాడు. మొదటి వేషం పాండెలిస్‌ది, రెండోది లాంబ్రోస్‌ది.

వేషానికి తగ్గ వెధవే దొరికాడనుకునేవాడు పాండెలిస్. దేశం సైనికుల చేతిలోకి పోయి రెండేళ్లు. తప్పించుకు తిరుగుతున్న రేవు కూలీల నాయకుడి కోసం ఊరంతా గాలిస్తున్నారు. వీధిలో బూట్ల చప్పుడైతే చాలు, లాంబ్రోస్ మొహంలో నెత్తురుచుక్క ఉండేది కాదు. మగాడన్నవాడు మరీ ఇంత బెదిరిపోవాలా?

పైగా తిండియావ. రోజూ మూడు రొట్టెలు కొనేవాడు.

"ఎవడికిరా అన్ని? పెళ్లాం లేదు, పిల్లల్లేరు."

"ఆకలెక్కువన్నా."

"అది కడుపా, రేవు గిడ్డంగా?"

అందరూ పగలబడి నవ్వారు. లాంబ్రోస్ కూడా నవ్వలేక నవ్వాడు.

ఆదివారం నాటకం. జనం కిటకిటలాడారు. లాంబ్రోస్ మోకాళ్ల మీద పడి యువరాజు దాగిన గుహ పేరు చెప్పగానే గోల లేచింది. "ద్రోహీ! థూ!" ఆలివ్ గింజలు టపటపా మొహాన తగిలాయి. ముందు వరసలో ఒక ముసలమ్మ చెప్పు తీసింది.

ఆ తర్వాత పాండెలిస్ రాజు ఎదుట రొమ్ము విరుచుకు నిలబడ్డాడు. "నా తల నీదే రాజా. నాలుక మాత్రం నాది!"

చప్పట్లతో పైకప్పు అదిరింది. నాటకం అయ్యాక జనం అతన్ని భుజాలకెత్తుకున్నారు.

తెర వెనక లాంబ్రోస్ రంగు తుడుచుకుంటున్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"అన్నా, నేను నిజంగా అలాంటివాణ్నేనంటావా?"

"వేషం ఊరికే పండదురా. నెత్తుర్లో ఉండాలి."

లాంబ్రోస్ రొట్టెల సంచీ, దగ్గుమందు సీసా తీసుకుని తోళ్ల బజారు వైపు నడిచాడు. అతని ఇల్లేమో కొండ వైపు. పిరికిపందలకు దారులు కూడా వంకరే అనుకుని, సరదాగా వెనకే వెళ్లాడు పాండెలిస్.

సందు చివర ఒక ఎర్ర తలుపు. లాంబ్రోస్ అటూ ఇటూ చూసి మూడుసార్లు తట్టాడు. లోపల ఎవరో దగ్గారు. తలుపు తెరుచుకుని మూసుకుంది.

సోమవారం పొద్దున్నే పాండెలిస్ ఆ ఎర్ర తలుపు సంగతి కూడా చేర్చి, కింద ఎప్పటిలాగే సంతకం పెట్టి, ఆ వారం నివేదికను రహస్య పోలీసు అధికారి చేతికిచ్చాడు.