పేజీ తిప్పేచోటి రెండు స్వరాలు

ఆర్కెస్ట్రా ఎంపికలో అభ్యర్థి ముఖం కనపడకూడదు కాబట్టి అడ్డంగా తెర కట్టారు. ఆ తెర వెనక పదిహేడో చెల్లో (ఒళ్లో ఆనించి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది) కూడా సరిగ్గా అదే చోట రెండు స్వరాలు మింగేసేసరికి, ఎంపిక చేస్తున్న డీట్లిండ్‌కి తల కొట్టేసినట్టయింది.

ఆ తప్పు ఆమెదే. ఆ జర్మన్ ఆర్కెస్ట్రాలో చెల్లో వాళ్లకు స్వరాల కాగితాలు పెట్టుకునే స్టాండు ఇద్దరికొకటి; లోపలివైపు కూర్చున్నవాళ్లే కాగితం తిప్పాలి. ముప్పై ఏళ్లు తిప్పింది డీట్లిండ్. తిప్పిన ప్రతిసారీ చేయి ఖాళీ లేక అక్కడ రెండు స్వరాలు పోయేవి. తర్వాత తొడుగులొచ్చాయి. చేతికి వేసుకుంటే అవే వేళ్లను నడిపిస్తాయి, ఏళ్ల సాధన వారంలో అబ్బుతుంది. వాటిలో నింపింది ఆమె చేతి కదలికల్నే. ఇప్పుడు కాగితాలు లేవు, తిప్పే పనీ లేదు. అయినా దేశంలోని చెల్లోలన్నీ అక్కడ ఆగుతాయి. విమర్శకులు ఆ మౌనాన్ని తెగ మెచ్చుకుంటారు కూడా!

పద్దెనిమిదో చెల్లో ఆగలేదు.

"ఈ మనిషి కావాలి నాకు," అంది డీట్లిండ్.

"గరగరలాడింది కదండీ?" అన్నాడు పక్కనున్న తోటి న్యాయనిర్ణేత హార్ట్‌మూట్.

"ఆడనివ్వండి."

తెర తీస్తే వీబ్కె అనే అమ్మాయి, వేళ్ల నిండా కాయలు.

"తొడుగు నా చేతికి వదులు మేడమ్. అందుకే పన్నెండేళ్లు కూర్చుని నేర్చుకున్నాను," అంది, నేరం ఒప్పుకుంటున్నట్టు.

మొదటి రిహార్సల్లో ఆ చోటు రాగానే చెల్లోలన్నీ ఆగాయి. వీబ్కె ఒక్కతే వాయించింది. అందరూ తనవైపు తిరిగేసరికి బెదిరిపోయింది.

"తప్పు చేశానా మేడమ్?"

"లేదు తల్లీ. మళ్లీ వాయించు, ఈసారి నేనూ వస్తాను," అంటూ పక్క కుర్చీలోని డీట్లిండ్ తన చెల్లో మీదికి కమాను ఎత్తింది.