రోత్‌బర్న్ వారి పెద్దకొడుకు

“సార్, పెద్దకొడుకు గా చివరకెందుకున్నడు?”

ఖాదర్‌వలి ఉలిక్కిపడ్డాడు. ఆఫీసులో టీ పోసే దేవయ్య వేలు పటం మీద ఉంది. ఆ వేలు తడిగా ఉంది.

“తియ్ చెయ్యి!”

దేవయ్య తీశాడు. తెల్లటి కాగితం మీద, ఇంగ్లండు ప్రభువుల నడుమ, టీ రంగు మచ్చ మిగిలింది.

మూడు వారాల కష్టం అది. మస్కట్‌లో భవనాలు కట్టే ఆ కంపెనీకి మేనేజరు రోత్‌బర్న్ దొర. వంశం మాటెత్తితే ఆయన మీసం రెండంగుళాలు లేస్తుంది. ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో కోట, బిరుదు సంపాదించిన సర్ థామస్ మొదలు తన దాకా పద్నాలుగు తరాలు. ఆ వంశవృక్షాన్ని, కంపెనీలో బిల్డింగుల ప్లాన్లు గీసే ఖాదర్‌వలి చేత నల్ల సిరాతో గీయిస్తున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి దొర విమానం. ఆదివారం ఇంగ్లండులో చుట్టాలంతా కలుస్తారు. తమదే పెద్దకొడుకు కొమ్మ అని అందరి ముందూ పటం విప్పి చూపించాలని ఆయన పంతం.

పటం బాగా కుదిరితే ఖాదర్‌వలి భార్య నఫీసాకు ఫ్యామిలీ వీసా కాగితం మీద సంతకం పెడతానన్నాడు. కడపలో నఫీసాను పెళ్లాడిన నలభై రోజులకే ఖాదర్‌వలి ఒమన్ వచ్చేశాడు. నాలుగేళ్లలో ఒక్కసారి వెళ్లొచ్చాడు. దొర ఇప్పుడు పోతే మళ్లీ మూడు నెలల దాకా రాడు.

టైము పదకొండు.

ఖాదర్‌వలి బ్లేడుతో మచ్చ గీకసాగాడు.

“కోపం చెయ్యకుండ్రి సార్,” అన్నాడు దేవయ్య. “థామస్‌కు ఐదుగురు కొడుకులని మీరే చదివిండ్రు. పెద్దోడు ఎడ్వర్డ్‌కు కోట. కడగొట్టు రిచర్డ్ రాజు మీదికి లేచి తల పోగొట్టుకున్నడు. ఇంగ్లీషోళ్లు ఎడమకెల్లి గదా చదువుతరు? గట్ల చదివితే తల పోయినోడే పెద్దోడైతడు.”

ఖాదర్‌వలి పేర్లు పైకి చదువుకుంటూ గీస్తుంటే, కప్పులు తీసే నెపంతో దేవయ్య రోజూ అక్కడే నిలబడేవాడు. సైట్‌లో పడి నడుము దెబ్బతిన్నాక అతన్ని టీ పనికి మార్చారు. జీతం కాగితం మీద వేలిముద్ర వేస్తాడు.

“నీకు చదువొచ్చునా?”

“రాదు సార్.”

“మరి నోరు మూసుకో. మా ఇంటి వంశవృక్షం మా తాత ఉర్దూలో రాసి గోడకు తగిలించినాడు. అందులో పెద్దోడు కుడి పక్కే ఉండాడు. వంశం గీసేది నువ్వు నాకు నేర్పిస్తావా?”

“ఉర్దూ కుడికెల్లి నడుస్తది సార్. వీళ్లది గట్ల గాదు. ఆ కొడుకులు పుట్టిన తేదీలు సుత దొరకలేదంటిరి. ఇగ వరుసే గదా సాక్ష్యం?”

ఖాదర్‌వలికి కోపం నసాళానికంటింది. అరిచాడు. ఆ అరుపుకి పక్క గదిలోంచి నిసార్ అహ్మద్ వచ్చాడు. కూలీలను సైట్లకు పంపేది ఆయనే.

“క్యా హువా?”

“దేవయ్య దొర పటం పాడు చేసినాడు సాబ్.”

నిసార్ అహ్మద్ మచ్చ చూశాడు. దేవయ్య వైపు తిరిగాడు. “నిజ్వా సైట్‌కు పోయే పికప్ బండి కింద ఉన్నది. ఎక్కు. ఈరోజు నుంచి సైట్‌లోనే నీ డ్యూటీ.”

సిమెంటు సంచులు మోసే సైట్ అది. దేవయ్య నడుము సంగతి ఖాదర్‌వలికి తెలుసు. ‘పోనీలే సాబ్, మచ్చే కదా, పోతుంది’ అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు.

దేవయ్య భుజం మీది తువ్వాల తీసి టీ బల్ల మీద పెట్టాడు.

“పోయొస్త సార్. ఆ వరుస ఒక్కపారి చూసుకోండ్రి.”

ఖాదర్‌వలి మచ్చ గీకుతూనే ఉన్నాడు.

పన్నెండింటికి పటం దొర బల్ల మీద పరుచుకుంది. దొర ముఖం వెలిగింది. పక్కనే వీసా కాగితం. పెన్ను మూత తీసి చేతిలో పట్టుకున్నాడు కూడా.

ఆయన చూపు ఎడమ చివర ఆగింది.

“మొదట ఉన్న ఇతనెవరు?”

“రిచర్డ్, సర్. ఆఖరి కొడుకు.”

“ఆఖరివాడు మొదట ఎందుకున్నాడు?”

ఖాదర్‌వలి చూపు కుడి చివరన ఉన్న ఎడ్వర్డ్ మీదికి పోయింది.

“నా ఎడ్వర్డ్ అటు చివర ఉన్నాడు,” అన్నాడు దొర. “ఇది చూసిన ప్రతివాడూ మాది కడగొట్టు కొమ్మ అనుకుంటాడు. రాజద్రోహి వారసుడైపోయాడు.”

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. పటం చుట్టి పక్కన పడేశాడు. పెన్నుకు మూత పెట్టాడు.

“ఈ కాగితం సంగతి వచ్చాక చూద్దాం.”

ఖాదర్‌వలి మెట్లు రెండేసి చొప్పున దిగాడు. పికప్ లేదు. మండే ఎండలో దేవయ్య ఊరివాడు, డ్రైవర్ ప్రభాకర్ కారు కడుగుతున్నాడు.

“దేవయ్య యాడ?”

“పోయి గంటాయె సార్.”

ఖాదర్‌వలి గోడకు ఆనుకున్నాడు. ఒళ్లంతా సిగ్గుతో కాలిపోతోంది.

“చదువు రానోడు ప్రభాకర్! దొరల వంశంలో తప్పు ఆయనకెట్ల తెలిసినాది?”

ప్రభాకర్ పైపు కింద పెట్టి వింతగా చూశాడు.

“మీకు చెప్పలేదా సార్? ఇల్లిల్లు తిరిగి వంశాలు చెప్పుడు వాళ్ల తాతలనాటి పని. మా ముత్తాత పేరు మా నాయినకు ఆయన చెప్తేనే తెల్సింది. ఇప్పుడు వినేటోళ్లు లేక గీడికొచ్చిండు గని, భూమి పంచాయితీల ఏ ఇంటికి ఎవడు పెద్దకొడుకో తేల్చాలంటే నలభై ఊళ్లకు దేవయ్య మాటే తీర్పు!”