నెల తప్పింది

అయిదు నెలల తర్వాత సత్యశ్రీకి నెలసరి వచ్చింది. పీసీఓఎస్ ఉంది కాబట్టి, ఈసారి మూడో రోజు దాటకుండా హార్మోన్ల పరీక్షకి రక్తం ఇవ్వాలని విజయవాడ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇవాళే మూడో రోజు.

పరగడుపున బస్సుకి బయల్దేరుతుంటే అత్తగారు రాజ్యలక్ష్మి తలుపు గడియ పెట్టి అడ్డం నిలబడింది.

"ఎక్కడికీ వద్దు. వంటింట్లోకి రా, ఇడ్లీ పెడతా."

నెలసరి వస్తే చాలు, వరండాలో చాపేసి కూర్చోబెట్టే మనిషి ఈసారి మొదటి రోజు నుంచీ వంటింట్లోకే పిలుస్తోంది. మారిందనుకుని సత్యశ్రీ మురిసిపోయింది కూడా.

"ఇవాళ దాటితే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు అత్తయ్యా!"

"నెమ్మదిగా! ఎదురింటావిడ వింటుంది. నీకు నెల తప్పిందని వీధంతా చెప్పా. అలాంటిదాన్ని బస్సెక్కిస్తే ఏమనుకుంటారు?"

"కడుపని చెప్పారా?"

"నేనా మాట అన్లేదు. నెల తప్పిందన్నా. తప్పలేదా ఏంటి? ఒకటి కాదు, అయిదు తప్పాయి."

"అయితే నా జబ్బుకి సీమంతం కూడా చేస్తారా?"

చాప ఎందుకు వేయలేదో అప్పుడర్థమైంది. వరండా వీధిలోకి కనబడుతుంది.

సత్యశ్రీ ఒక్క ఊపున కిటికీ రెక్క తోసింది. ఎదురింటావిడ వాకిట్లో ముగ్గు వేస్తోంది.

"పిన్నిగారూ! నేను బయట ఉన్నానండీ! ఇవాళ మూడో రోజు!"

ఆవిడ ముగ్గు ఆపి తలెత్తింది.

"అయ్యయ్యో! మరి లోపలేం చేస్తున్నావే అమ్మాయ్? ముందు బయటికి రా!"

రాజ్యలక్ష్మి గడియ తీసింది.